పట్టెమంచము మొదలు అట్టపెట్టె బీరువా దాక

విజయవాడనుండి బందరు పోవు రహదారిపై పామర్రు కూడలియొద్ద కొంతసేపు నిలిచినవారికి డెల్టా గ్రామముల కేయే సరకులు చేరుచున్నవో చక్కగా తెలియును. గుడివాడ వైపొక దారి, కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమ వైపొక దారి, నేరుగా బందరున కొక దారి అక్కడ చీలుచున్నవి. తాతలనాడు పెండ్లిండ్ల తరువాత ఈ దారులలో సారె బండ్లు నడిచెడివి. ఆ బండ్లపై బిందెలు, కావిళ్ళు, అరిసెల గంపలతోపాటు పట్టెమంచ మొకటి తప్పక యుండెడిది. దానిని నిలువుగా మోసికొని పోయెడివారు కారు. కోళ్ళు ఒక మూట, పట్టెలు ఒక కట్ట, నవారు ఒక చుట్ట. ఇప్పు డదే దారులలో చిన్న వ్యానులు తిరుగుచున్నవి. వానిలో బల్లపరుపు అట్టపెట్టెలు. ఒకదానిలో బీరువా, ఒకదానిలో వ్రాతబల్ల, ఇంకొకదానిలో పసివాని మంచము. అవియు విప్పిన సామానులే. ఇంటికి చేరిన పిమ్మట ఎవరో ఒకరు కూర్చి నిలబెట్టవలసినదే.

ఆ కూర్చుట యెవరి పని? అది కుదురనిచో నింద యెవరిది? చూచుటకు చిన్న ప్రశ్నలేగాని వీని వెనుక కొంత చరిత్ర యున్నది. దానిని మన మంచముతోనే ప్రారంభింతము.

పట్టెమంచపు కట్టడము నెరుగని పిల్లలు నేడు మన యిండ్లలో పెక్కురు గనుక కొంచెము వివరింపవలసి యున్నది. కోడు అనగా మంచపు కాలు. కోళ్ళు నాలుగు, నిడుపు పట్టెలు రెండు, అడ్డపట్టెలు రెండు. ప్రతి కోడునకును పైభాగమున రెండు ప్రక్కల ఉలితో తొలిచిన తొర్ర లుండును. పట్టె కొనను ఆ తొర్రకు సరిపడ చెక్కి కొయ్యసుత్తితో దిగగొట్టుదురు. ఒక మేకు లేదు, చుక్క బంక లేదు. మంచమును బిగబట్టి యుంచునది నవారు. దానిని నిలువునను అడ్డమునను లాగి యల్లినకొలదియు పట్టెలు కోళ్ళలోనికి మరింత యొదిగి కూర్చుండును. మనిషి పండుకొన్నప్పుడు నవారుపై పడు బరువు సైతము కీళ్ళను బిగించుటకే తోడ్పడును. నులక మంచమున కిదియే సూత్రము. కాళ్ళవైపు త్రాడు సడలినప్పుడెల్ల ఇంటి పెద్ద కాలు తన్నిపట్టి లాగి బిగించెడివాడు. ఆ పని చేయు ఓపిక లేని యింటిలోనే కుక్కిమంచము వెలయును.

ఇందులో మేము మిక్కిలి మెచ్చునది గుర్తుల పద్ధతి. చేతితో తొలిచిన తొర్రలలో ఏ రెండును అచ్చముగ ఒక్కతీరున నుండవు. ఈ పట్టె యీ కోటికే, ఈ ప్రక్కకే సరిపోవును. కావున వడ్రంగి మంచము తొలిసారి కూర్చిన నాడే పట్టె కొనయందును, కోడు తలయందును జతగా ఉలిగాట్లు పెట్టెడివాడు. మొదటి కీలునకు ఒక గాటు, రెండవదానికి రెండు. ఎనిమిది కీళ్ళకు ఎనిమిది జతలు. అక్షరము రాని పాలేరు సైతము చీకటిలో వ్రేలితో తడిమి దేనికేది జతయో చెప్పగలిగెడివాడు. వేసవిలో నల్లులు పట్టినప్పుడు మంచమును విప్పి, కీళ్ళలో సలసల కాగు నీరు పోసి, ఎండలో నారవేసి, సాయంకాలమునకు తిరిగి బిగించెడివారు. ఈ తంతు ఏటేట జరిగినను మంచము వదులు కాలేదు. తాత మంచముపై మనుమడు పండుకొన్న యిండ్లు మన ప్రాంతమున నెన్నియో కలవు.

కలప మాట కూడ ఒకింత చెప్పవలయును. గోదావరి ఎగువ అడవులనుండి టేకు దూలములు తెప్పలుగా కట్టబడి రాజమహేంద్రవరము చేరెడివి. కృష్ణపై విజయవాడయొద్ద ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట, ఏలూరు కాలువ రెండు డెల్టాలను కలిపినది. పడవలు సరకులను ఇటునుండి అటు చేర్చినవి. సముద్రము మీదుగా బర్మా టేకు వచ్చినది. కలిగినవారు టేకుతో పందిరిమంచము చేయించుకొనిరి. లేనివారికి వేప, తుమ్మ ఉండనే యున్నవి.

మంచము కిఱ్ఱుమన్నచో ఏమి చేసెడివారు? వడ్రంగికి కబురు పంపెడివారు. కోతలు కాగానే కళ్ళములో అతనికి ఇంత ధాన్యమని కొలిచి యిచ్చు ఆచార ముండెడిది. దానిని మేర యనిరి. అందుకు బదులుగా ఆ యేడాది పొడవునను నాగలి, కాడి, బండి చక్రముల మరమ్మతు అతని బాధ్యత. క్రొత్త వస్తువునకు కూలి వేరు. ఈ యేర్పాటులో అన్యాయము లేకపోలేదు. పంట పోయిన యేడు వడ్రంగి గాదె కూడ ఖాళీయే, కొలత విషయమున రైతు మాటయే చెల్లెడిది. ఆ కాలమును బంగారు కాలమని పొగడుట మా యుద్దేశము కాదు. ఐతే వస్తువు చేసినవాడు కేకవేసిన పలుకునంత దూరములో నుండెను. ఈ యొక్క సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

విప్పి కట్టు సామానులు మన దేశమునకు వచ్చిన తెల్లవారికిని అవసరమైనవి. ఇంగ్లీషువారు బందరులో 1611లో వర్తకపు కోఠీ పెట్టిరి. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణపు పనివారు దంతము పొదిగిన బీరువాలు, పెట్టెలు, కుర్చీలు చేసి వారిచేత ఔరా యనిపించుకొనిరి. అవి మేడలలో నిలిచి యుండు వస్తువులు. దండుతో కదలు అధికారికి మాత్రము వేరు రకము కావలెను. రెండు ముక్కలై విడిపోవు సొరుగుల పెట్టె, కాళ్ళు మరద్రిప్పి ఊడదీయదగిన బల్ల, మడచి గుర్రముపై వేయదగిన మంచము. పందొమ్మిదవ శతాబ్దపు చివర సైనిక యింజనీర్ల కేంద్రమైన రూర్కీ పట్టణము పేర ఒక కుర్చీ ప్రసిద్ధి కెక్కినది. దానికి బంక లేదు, మేకు లేదు. కొనలు మొనదేలిన అడ్డకఱ్ఱలు కాళ్ళ బెజ్జములలో దూరును. తోలుపట్టీలు లాగి బిగించును. మనిషి కూర్చున్నకొలదియు కీళ్ళు గట్టిపడును. నేల యెగుడుదిగుడుగా నున్నను ఆ కుర్చీ కాళ్ళు సర్దుకొని నిలుచును. ఇది యెచ్చటనో విన్నట్లున్నదని మన పట్టెమంచ మెరిగిన వారు తలపోయుదురు. ఒకదానినుండి మరియొకటి పుట్టినదని మేము సాధింపబూనుట లేదు. సూత్రము మాత్ర మొక్కటే. డెన్మార్కు శిల్పి కారే క్లింట్ 1933లో చేసిన ప్రఖ్యాతమైన సఫారీ కుర్చీ ఈ రూర్కీ కుర్చీ ననుసరించినదే.

వ్యాపారము కొరకు విప్పిన కుర్చీని ఓడ కెక్కించినవాడు మైకేల్ థోనెట్. వియన్నాలో ఈయన ఆవిరితో కొయ్యను మెత్తబరచి వంచు విద్యను సాధించెను. 1859లో వచ్చిన ఈయన 14వ నంబరు కుర్చీలో కొయ్యముక్కలు ఆరు, మరమేకులు పది, నట్టులు రెండు. విడగొట్టిన 36 కుర్చీలు ఒక్క ఘనమీటరు పెట్టెలో పట్టెను! చేరినచోట కాఫీ హోటలు నౌకరు సైతము బిగింపగలిగెడివాడు. 1930 నాటికి అయిదు కోట్లు అమ్ముడుపోయిన వందురు. ఖాళీ స్థలమును రవాణా చేయుట దండుగ యని లోకమునకు నేర్పినది ఈ కుర్చీయే.

తరువాతి మలుపు రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనీలో వచ్చినది. మంచి కలపకు కరవు వచ్చినందున, కొయ్యపేళ్ళను, పొట్టును జిగురుతో కలిపి వేడిమిలో అదిమి పలకలు చేయసాగిరి. నేడు మన వడ్రంగులు పార్టికల్ బోర్డు అనునది అదియే. ఇది చవుక, సమతలము, వంకర తిరుగదు. కాని మేకు కొట్టిన రాలును. ఉలితో కుదురైన తొర్ర తొలుచుటకు పోగులే లేవు. కనుక దీనికి తగిన కొత్త బిగింపులు పుట్టవలసి వచ్చెను. వానిలో ముఖ్యమైనది బొత్తాము వంటి చిన్న లోహపు బిళ్ళ. అది పలకలోని గుంటలో కూర్చుండి, స్క్రూడ్రైవరుతో అరచుట్టు త్రిప్పగానే ప్రక్కపలకనుండి వచ్చిన మేకు తలను పట్టి లోనికి లాగును. అరచుట్టు చాలును, ఇంకొంచెము త్రిప్పినచో పలక పగులును.

అమెరికాలో ఎరీ సౌడర్ అను నాతడు 1951లో కొన్నవాడే బిగించుకొను చిన్నబల్లను అమ్మజూపెను. స్వీడనులో ఇంగ్వార్ కాంప్రాడ్ తన పదునేడవ యేట, 1943లో, ఐకియా పేర చిల్లర వర్తక మారంభించి కొన్ని యేండ్లకు సామానుల వ్యాపారములో దిగెను. 1956లో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అను ఉద్యోగి యొక బల్లను కారులో పట్టించలేక, కాళ్ళూడదీసి అడుగున పెట్టెనట. ఆ సంస్థ తన చరిత్రలో చెప్పుకొను కథ యిది. కథలో కొంత సొగసు చేరియుండవచ్చును గాని, ఫలితము మాత్రము నిజము. కొన్నవాని శ్రమ ధరలోనుండి తీసివేయబడినది. అనగా కూలి లేని కూలివాడు దొరికినాడు. వాడే గృహస్థు.

ఒకే పేరుగల విదేశీ సంస్థలు పూర్తి పెట్టుబడితో మన దేశమున దుకాణములు తెరువవచ్చునని కేంద్రప్రభుత్వము 2012లో అనుమతించినది. ఐకియా భారతదేశములోని తన మొదటి దుకాణమును హైదరాబాదున 2018 ఆగస్టు 9న తెరచెను. ఆ దినమున వాహనములు నిలిచిపోయి దారి దొరకని సంగతి పత్రికలలో వచ్చినదే. ఐరోపాలో ఎవరి బీరువాను వారే బిగించుకొందురు. ఇక్కడ అట్లు సాగదని వర్తకులు ముందే గ్రహించి, బిగించి యిచ్చు పనికి అప్పటికి అర్బన్‌క్లాప్ అను పేరుగల సంస్థతో ఏర్పాటు చేసికొనిరి. మన గృహస్థునకు చేతకాకనా? ఆ మాట మేము ఒప్పుకొనము. మన యింట వడ్రంగిని పిలుచుటకు వ్యయము అక్కడివలె భయపెట్టునది కాదు. పైగా, చేతిపని ఒకరిది, చదువు ఒకరిది యను విభజన మనలో ఇంకను పోలేదు. కళాశాలలో యంత్రశాస్త్రము చదివిన కుఱ్ఱవాడు ఇంటిలో ఊడిన గొళ్ళెమును చూచి నాన్నను కేకవేయును!

ఈ విషయమున రేడియో గల గృహస్థులు పూర్వము కొంత మెరుగు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసిన తరువాత, ఈ ప్రాంతమున రేడియో కొన్నవా రనేకులు పెట్టెతోపాటు ఏరియలు తీగయు కట్టుకొనవలసి వచ్చెను. పెంకుటింటి పైని రెండు వెదురుగడలు, వాని నడుమ తీగ, భూమిలో పాతిన తీగ వేరు. సూచనల పుస్తకము ఇంగ్లీషులో. తాతగారు గడ పట్టుకొనగా తండ్రిగారు తీగ లాగగా పిల్లలు క్రిందనుండి “వచ్చింది, వచ్చింది” అని కేకలు వేసిన యిండ్లు పెక్కు.

అట్టపెట్టె ముందర కూర్చున్న గృహస్థుని పాట్లు వేరు రకము. మేము నిరుడు పుస్తకముల బీరువా నొకదానిని తెప్పించితిమి. అంగడి పేరుతో ఇక్కడ పని లేదు. పెట్టెలో పలకలు పదునాలుగు, సంచులు అయిదు, ఆరుపలకల చిన్న వంకర కడ్డీ యొకటి, బొమ్మల కాగితము ఒకటి. కాగితములో ఒక్క మాటయు లేదు. నవ్వుమొగము మానిసి యొకడు పలక పట్టుకొని నిలిచినట్లు బొమ్మ. అతని ప్రక్కనే, ఒంటరిగా చేయుచున్నవాడు మొగము ముడుచుకొన్నట్లు మరొక బొమ్మ. దానిపై ఇంటూ గుర్తు. ఇద్దరుండవలెనని దాని భావము. కావున మా కుమారునిని తోడు తెచ్చుకొంటిమి. మామగారు పడకకుర్చీలో కూర్చుండి పర్యవేక్షణ వహించిరి.

మొదటి గంట బాగుగనే గడచినది. రెండవ గంటలో అడుగుపలక బెజ్జములు కుడిప్రక్క పలక బెజ్జములతో కలియలేదు. తిరుగవేసి చూచితిమి, తలక్రిందులు చేసి చూచితిమి. లోపలి వైపునకు రావలసిన గుంటలు వెలుపలికి వచ్చుచున్నవి. కాగితము ప్రకారము తప్పు లేదు. చివరకు మామగారు కండ్లద్దములు తుడుచుకొని, “అల్లుడుగారూ, నాకు చూడగా ఈ పలకా ఆ పలకా రెండూ ఎడమవే నండీ” అనిరి. నిజమే. పెట్టె కట్టినవారు ఎడమప్రక్కను రెండు పెట్టి కుడిప్రక్కను మరచిరి. టెలిఫోను చేసితిమి. ఒకటి నొక్కుడు, రెండు నొక్కుడు అను గొంతు కొంతసేపు, సంగీతము కొంతసేపు. తుదకు పలికిన అమ్మాయి మర్యాదగానే మాటలాడి, పెట్టెపై నంబరు చెప్పుమనెను. ఆ నంబరుగల అట్టముక్కను మా యింటిలో అప్పటికే పొయ్యి రాజేయుటకు కాకపోయినను, పాతకాగితముల వానికి వేసియుండిరి. తొమ్మిది దినములకు కుడిపలక వచ్చినది. ఆ తొమ్మిది దినములును సగము బీరువా గోడ నానుకొని, ఇంటికి వచ్చినవారందరకు సమాధానము చెప్పించినది. మా ఇల్లాలు “వడ్రంగి చేత చేయిస్తే ఈపాటికి రెండు అయ్యేవి” అని ఒక్కసారి మాత్రమే అనినది. అది ఆమె యౌదార్యము.

ఇట్టి చికాకులలో నిజమైన కష్టము మరమేకులది కాదనుకొందుము. పాత మంచము కీలు వదులైనచో దోషము వడ్రంగిది; అతడే వచ్చి చీల కొట్టును. ఇక్కడ కాగితమును గీసినవారెవరో, పలకలు కోసిన దెచ్చటనో, పెట్టె కట్టిన చేతు లెవ్వరివో గృహస్థునకు తెలియదు. ఎదుట నున్నది తానొక్కడే. కాబట్టి కుదురనప్పుడు తన తెలివినే శంకించుకొనును. మూడువందల రూపాయల పనివాని కూలి మిగిలినదని సంతోషింపవలసినవాడు సాయంకాలమునకు ఇంటిల్లిపాదితోను మాట లేకుండ కూర్చుండును.

అమెరికాలో మైకేల్ నార్టన్, డేనియల్ మోషాన్, డాన్ ఏరియలీ అను ముగ్గురు పరిశోధకులు 2012లో ప్రకటించిన పరీక్షల ఫలిత మొకటి ఈ సందర్భమున ఆసక్తికరము. తమ చేత బిగించిన పెట్టెకు జనులు, అదే తీరున నితరులు బిగించిన పెట్టెకన్న ఎక్కువ వెల కట్టిరి. ఐతే మధ్యలో ఆపివేయబడినవారికి ఆ మమకారము కలుగలేదు. పని పూర్తియైనపుడే ప్రేమ. సగము బీరువాతో తొమ్మిది దినములు గడపినవారి మనస్సు ఎట్లుండునో దీనిని బట్టి ఊహింపవచ్చును.

నవ్వులాటగా చెప్పదగనిది ఒకటి కలదు. అమెరికాలో సొరుగుల బీరువాలు ముందునకు ఒరిగి పసిపిల్లలపై పడి కొందరు మరణించిన కారణమున, 2016లో ఐకియా సంస్థ దాదాపు 2 కోట్ల 90 లక్షల సొరుగుల పెట్టెలను వెనుకకు తీసికొనుటకు ఒప్పుకొన్నది. గోడకు బిగింపని ఆ పెట్టెలు పిల్లవాడు క్రింది సొరుగులు లాగి మెట్లవలె ఎక్కినచో ఒరుగును. ఇట్టి వాని స్థిరత్వమును గురించి 2022 డిసెంబరులో అక్కడ ప్రత్యేకముగ చట్టమే వచ్చినది. గోడకు కట్టు పట్టీ, దాని మరమేకులు పెట్టెలలో వచ్చుచునే యున్నవి. బొమ్మల కాగితములో అది తరచుగా చివరి పుటలలో నుండును. అప్పటికి గృహస్థుని ఓపిక తీరిపోవును. గోడకు బెజ్జము వేయుటకు డ్రిల్లు యంత్రము కావలెను. అద్దె యింటివారికి యజమాని అనుమతి కావలెను. కావున ఆ పట్టీ సంచిలోనే మిగులును. పసిపిల్లలు గల యిండ్లలో బీరువా నిలిపిన నాడే, వడ్రంగిని పిలిచియైనను, ఆ పట్టీ బిగించుకొనవలెనని మా గట్టి సూచన. ఎత్తైన ఇనుప బీరువాల విషయమునను ఇది యింతే.

మన డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు నీరు. పార్టికల్ బోర్డునకు అంచులలో నీరు తగిలినచో ఉబ్బును, ఉబ్బినది ఆరినను మరల చదును కాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలైన పేటలు దినములకొలది నీట నుండినవి. టేకు మంచమును కడిగి నీడను ఆరబెట్టినచో మరల పనికివచ్చును. నానిన పొట్టుపలక బీరువా నేమి చేసినను నిలువదు. చవుక ధర యని కొన్నవారు దానికి రెండుమార్లు వెల చెల్లించిరి. ఇది అంగడివారి మోస మనజాలము. ఆ పలక చలిదేశపు పొడి గదులలో పెరిగినది. మన కృష్ణాతీరపు శ్రావణ భాద్రపదములను అది యెరుగదు.

వడ్రంగుల స్థితి యేమి? నాగళ్ళు పోయి ట్రాక్టరులు వచ్చినవి. బండిచక్రము కొయ్యనుండి రబ్బరునకు మారినది. మేర యను మాట పెద్దల నోటనే మిగిలినది. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో వడ్రంగమును చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయల సాయమును, శిక్షణయు, తక్కువ వడ్డీ ఋణమును ఇచ్చుచున్నారు. మంచిదే. కాని అట్టపెట్టెలు బిగించు పనిని శిక్షణగా నేర్పునది, నిజమునకు, ఆ పెట్టెలే. మా యెరుకలో పామర్రు ప్రాంతపు వడ్రంగి యొకాయన ఉన్నాడు. తండ్రి పట్టెమంచములు చేసినవాడు. ఈయన నెలలో సగము దినములు పెట్టె బీరువాలు బిగించుచు గడపుచున్నాడు. మొదట నవ్వెనట, “ఇది వడ్రంగమా బాబుగారూ, పిల్లల ఆట” అని. ఇప్పుడు ప్రతి యింటను బొమ్మల కాగితము నడిగి తీసికొని పోయి, వెనుక ఇంటిపేరు వ్రాసి దాచుచున్నాడు. ఇల్లు మారునపుడు గృహస్థు లాతనినే పిలుతురు గదా!

ఆ విప్పుటలోనే అతనికి అసలు చిక్కు. ఒకసారి బిగించి ఊడదీసిన మర పొట్టుపలకలో రెండవమారు మునుపటివలె పట్టదు. అందుకని వదులైన బెజ్జములో వెదురుపుల్లకు జిగురు రాచి కొట్టి, ఆరిన పిమ్మట దానిలో మర ఎక్కించుచున్నాడు. విప్పునప్పుడు పలకల అంచున జతజతగా గుర్తులు వేయుచున్నాడు. ఉలి తగిలిన పలక రాలును గనుక పెన్సిలుతో గీతలు: ఒకదానికి ఒకటి, రెండవదానికి రెండు.